దుప్పికి ఏ తూటా, బావా?

సలాలా,
సెప్టెంబర్ 4

భీమన్న బావకు బామ్మర్ది జితేందర్ శనార్తులు.

ఇక్కడ నాకు క్షేమం, అక్కడ నీకు కోపం. రెండూ తెలిసిన సంగతులే. జూన్‌లో పండుగ సెలవులకు మస్కట్ పక్కన మీ అమెరాత్ కంపెనీ క్యాంపుకు వచ్చాను. "వంటాయన సెలవు మీద పోయిండు, నీ కోసం నేనే వండిన" అని నువ్వు మటన్ పెట్టావు. "ఉప్పు జరంత ఎక్కువైంది బావా" అన్నాను. అంతే. ఇక జన్మలో నీతో మాట్లాడనని మా లస్మవ్వ అక్క మీద ఒట్టు పెట్టుకున్నావు. ఫోన్ ఎత్తవు, వాట్సాప్‌లో బ్లాక్ చేశావు. బార్డర్‌లో పదిహేడేళ్లు తూటాల మధ్య తిరిగిన మనిషికి ఉప్పు మాట అంతగా ఎందుకు గుచ్చుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మాట్లాడనన్నావు గానీ చదవనని, రాయనని ఒట్టు పెట్టలేదు కదా. అందుకే ఈ కాగితం. మా తోట అరటిగెలలు వారానికి రెండుసార్లు మస్కట్ మార్కెట్‌కు పోతాయి. లారీ డ్రైవర్ సుఫియాన్ మీ గేటు దగ్గర ఆగుతాడు. జవాబు అతని చేతికివ్వు.

అసలు విషయం. మా తోట యజమాని, అర్బాబ్ ముసల్లం, మంచివాడు. తుపాకీ పోటీల్లో ఎంత చిన్న గురి పెట్టినా కొడతాడు. కానీ ప్రాణమున్న జంతువు మీద ఎప్పుడూ పేల్చలేదు. ఇక్కడ జింక మీద చేయి వేస్తే జైలే కదా. హంగరీ దేశంలో ఆయన స్నేహితుడొకడు నవంబర్‌లో దుప్పుల వేటకు రమ్మన్నాడు. అక్కడ లైసెన్సు తీసుకుని ఆడవచ్చట. ఏ దూరానికి ఏ తూటా వాడాలి అన్నదే ఇప్పుడు ప్రశ్న. తోటి పోటీదారులను అడిగితే ఇంతేనా నీ పనితనం అని నవ్వుతారని ఆయన భయం. అందుకని నన్ను అడిగాడు.

నెట్‌లో చూశాను. ఒకడు ఒక తూటా మంచిదంటాడు, దాని కింద నలభై మంది వాణ్ని ఇంగ్లీషులో తిడతారు. నువ్వు చెబితే తిరుగుండదు.

నీ బామ్మర్ది,
జితేందర్


అల్ అమెరాత్,
సెప్టెంబర్ 9

జితేందర్‌కు,

ఇది మాట్లాడటం కాదు. రాతపూర్వక సమాధానం. ఆర్మీలో రెండింటినీ వేరువేరుగా చూస్తారు.

తూటాను శత్రువును బట్టి ఎంచుకోవాలి. శత్రువు ఎవరు, ఎంత దూరంలో ఉన్నాడు, గాలి ఎటు వీస్తోంది అన్నవి చూసుకుని, పై అధికారి ఆజ్ఞ ప్రకారం నడుచుకోవాలి. ఇంతకంటే ఎక్కువ చెప్పడం సైనిక రహస్యం కిందికి వస్తుంది.

ఇంత పెద్ద అర్బాబ్ అరటితోటలో నీళ్లు కట్టే నిన్ను ఎందుకు అడిగాడో నువ్వు రాయలేదు. అది గమనించాను.

ఇంకో మాట. నవంబర్ 24 సోమవారం వేములవాడ రాజన్న దగ్గర మా పాప అనూహ్యకు పుట్టువెంట్రుకలు తీయించాలని పంతులు ముహూర్తం పెట్టాడు. జనవరిలో మూడో ఏడు నిండుతుంది, ఇది దాటితే మళ్లీ అయిదో ఏడు దాకా ఆగాలి. మేనమామ ఒడిలో కూర్చోబెట్టనిదే కత్తెర పడదు. పిల్లకు ఉన్న ఒకే ఒక్క మేనమామవు నువ్వు. లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్నే కాదు. నా సెలవు మంజూరైంది. నీ సెలవు ఖాయం చేసుకో.

ఉప్పు మాట మర్చిపోలేదు.

భీమన్న,
మాజీ సైనికుడు


సలాలా,
సెప్టెంబర్ 15

బావకు శనార్తులు.

నా సెలవు నవంబర్ 15 నుంచి ఖాయం. అర్బాబ్ సంతకం కూడా పెట్టాడు. పిల్ల నా ఒడిలోనే కూర్చుంటుంది, అక్కకు చెప్పు. నేనూ చెప్పాను గానీ నువ్వు చెబితే నమ్ముతుంది.

తూటాల గురించి నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. రహస్యం బాగా కాపాడావు. దుప్పికి పై అధికారి ఎవరో మాత్రం తెలియలేదు.

కాస్త వివరంగా అడుగుతాను. మూడు రకాలున్నాయి. అర్బాబ్ క్లబ్బు ద్వారా లైసెన్సు మీద ఒక్కో రకం ఒక పెట్టె తెప్పించాడు. మొదటిది బరువైనది, మూతి మొద్దుగా ఉంటుంది, కొసన సీసం బయటికి కనిపిస్తుంది. రెండోది నడిమి బరువు, రాగి తొడుగు, కొసన చిటికెడు సీసం. మూడోది తేలిక, నున్నగా ఉంటుంది, ఎర్ర ప్లాస్టిక్ ముక్కు, తోక సన్నం. అక్కడ దుప్పి మూడు చోట్ల కనబడవచ్చట. చెట్ల మధ్య యాభై అడుగుల్లో, అడవి అంచున నూట యాభై అడుగుల్లో, కోసేసిన మక్క చేనుకు అవతల మూడు వందల అడుగుల్లో. ఈ అడుగు మన పాదం కొలత కాదు, అర్బాబ్ అంగ. ఆయన అంగ మీటరు పైనే ఉంటుంది.

ఎక్కడికి ఏది? గురువారం లారీకి జవాబు పంపు. దెబ్బ తప్పుగా తగిలి దుప్పి గాయంతో అడవిలోకి పోతే పాపం అంటాడు అర్బాబ్. నిద్ర కూడా సరిగా పోవడం లేదు.

నన్నే ఎందుకు అడిగాడంటావా? మన వైపు దుప్పులున్నాయని ఏదో మాటల్లో చెప్పాను. అంతే.

జితేందర్


అల్ అమెరాత్,
సెప్టెంబర్ 18

జితేందర్‌కు,

సుఫియాన్ గేటు దగ్గర హారన్ కొడుతూనే ఉన్నాడు కాబట్టి తొందరగా రాస్తున్నాను. రాసుకో.

దూరం పోవాలంటే బలం కావాలి. కాబట్టి మూడు వందలకు మొద్దు మూతి బరువు తూటా. దగ్గరికి బలం అక్కర్లేదు. కాబట్టి యాభైకి ఎర్ర ముక్కు తేలిక తూటా. ఇది యుద్ధ నీతి.

ఇక రెండో విషయం. మాంసం చెడకూడదు. ఇది చాలామంది పట్టించుకోరు. ఎముక మీద పలుచని కత్తి విసురుగా పడితే ఎముక పొడిపొడి అయి మాంసమంతా కలుస్తుంది, ఎంత కడిగినా పంటికి తగులుతూనే ఉంటుంది. అలాగే తేలిక తూటా దగ్గర నుంచి మంచి వేగం మీద తగిలితే పైపైనే పగులుతుంది. బుజమంతా నెత్తురు గడ్డకట్టి, ఆ ముక్క కుక్కలకు తప్ప దేనికీ పనికిరాదు. బరువైనది నిదానంగా లోపలికి పోయి, పూవులా విచ్చుకుని, గుండె దగ్గర పని ముగిస్తుంది. జంతువుకు బాధ తక్కువ, వండేవాడికి శ్రమ తక్కువ. బుజం ముక్క మెత్తగా ఉడకాలంటే ముందుగా పెరుగు, అల్లం పట్టించి నాలుగు గంటలు ఉంచమని అర్బాబ్‌కు చెప్పు. ఉప్పు చివర్లోనే.

భీమన్న


సలాలా,
సెప్టెంబర్ 29

బావకు శనార్తులు.

నీ ఉత్తరంలో మొదటి పేజీ ఒకరు, రెండో పేజీ ఇంకొకరు రాశారా? మొదట్లో దగ్గరికి తేలికది కొట్టమన్నావు, తర్వాత దగ్గర నుంచి తేలికది కొడితే బుజం పోతుందన్నావు. ఏది నమ్మాలో తెలియక ఒక పూటంతా అరటి చెట్ల కింద తల పట్టుకు కూర్చున్నాను. చివరికి రెండో పేజీయే నమ్మాను. అందులో మనిషి కనబడ్డాడు.

ఇప్పుడు నేనూ ఒకటి చెప్పేస్తాను, అక్కకు చెప్పకు. నేను దుప్పిని వేటాడిందే లేదు. అర్బాబ్ ఫోన్‌లో దుప్పి బొమ్మ చూపిస్తే, "ఇవా? మా ఊళ్లో వీటి సంగతి నేనే చూసుకునేవాణ్ని" అని హిందీలో అన్నాను. అబద్ధం కాదు. మక్క చేను మంచె మీద కూర్చుని వడిసెలతో తరిమేవాణ్ని కదా. ఆయన వేటగాణ్ననుకున్నాడు. ఆ చూపులో గౌరవం చూసి నోరు మెదపలేకపోయాను. ఇక్కడికొచ్చిన రెండేళ్లలో నన్ను అట్లా చూసినవాళ్లు లేరు బావా.

వడిసెల గుర్తుకు రాగానే మిగతాది చేతికే తెలిసింది. దూరం దుప్పికి వాగులో ఏరిన నున్నటి రాయి వేసేవాణ్ని, గాలిని కోసుకుంటూ పోతుంది. ఎగుడుదిగుడు పెద్ద రాయి వేస్తే సగం దారిలోనే సోలిపోయి పక్క చేనులో పడేది. చేను లోపలికే వచ్చిన దుప్పికి బరువు మట్టి ఉండ. ఆకులూ దంట్లూ అడ్డమున్నా దాని దారిన అది పోతుంది. కాబట్టి దగ్గరికి మొద్దు మూతి, దూరానికి నున్నటి ఎర్ర ముక్కు అని చెప్పాను. కానీ అన్నిటికంటే ముఖ్యం ఇంకొకటి చెప్పాను. పూటకో రకం రాయి మారిస్తే చెయ్యి చెడుతుంది. అన్నిట్లో నడిమిది ఒక్కటే పట్టుకుని, దానికే చెయ్యి అలవాటు చేసుకొమ్మన్నాను. మూడు వందల అడుగుల దుప్పిని వదిలేసి, దగ్గరికి వచ్చేదాకా కూర్చొమ్మన్నాను. మంచె మీద కూర్చోవడమే కదా అసలు పని.

అర్బాబ్ క్లబ్బులో కాగితం మీద మూడూ కొట్టి చూశాడు. ఒకే తుపాకీ, ఒకే గురి, మూడు రకాలూ మూడు చోట్ల పడ్డాయట. నడిమి దానికి గురి సరిచేసుకుంటే మాత్రం అయిదు తూటాలూ ఒకే అరచేతి వెడల్పులో పడ్డాయి. ఎగిరి గంతేశాడు.

ఇక నా చావుకొచ్చిన వార్త. "జితేందర్, తుమ్ సాథ్ చలేగా. వీసా మాఫీ ముష్కిల్" అన్నాడు. వీసాకు ఏ ఇబ్బందీ లేదు, నన్ను హంగరీకి తీసుకుపోతాడట. ప్రయాణం నవంబర్ 20. నా సెలవు కాగితాన్ని నా కళ్ల ముందే మడిచి సొరుగులో పెట్టాడు.

జితేందర్


అల్ అమెరాత్,
అక్టోబర్ 2

జితేందర్‌కు,

నీ ఉత్తరం చదివి మీ అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. చెప్పకు అన్నావు. నేను ఒట్టు పెట్టలేదు. ఆమె అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"వానికి దుప్పుల మీదున్న పాణం మేనకోడలి మీద లేదా? పిల్లకు కండ్లల్ల వెంట్రుకలు వడుతున్నయి. జడ వేస్తే ఇప్పుకుంటది, ఇప్పితే నోట్లె వెట్టుకుంటది. పక్కింటోళ్లు రోజూ అడుగుతున్నరు, మేనమామ లేడా ఈ పిల్లకు అని. పెండ్లయిన పదకొండేండ్లకు వుట్టిన బిడ్డ. వాడు రాకపోతే రాజన్న మీదాన, నేనే తుపాకి వట్టుకొని సలాలాకొస్త."

ఆమెకు ఏ తూటా కావాలో అడగలేదు.

వెంటనే వెళ్లి అర్బాబ్ కాళ్ల మీద పడి, నేను వేటగాణ్ని కాదని ఒప్పుకో. అబద్ధం చెప్పినవాడు ఎప్పటికైనా పట్టుబడతాడు. సైనికుడిగా చెబుతున్నాను.

భీమన్న


సలాలా,
అక్టోబర్ 16

బావకు శనార్తులు.

ఒప్పుకోవడానికి మూడుసార్లు పోయాను. మొదటిసారి ఆయన నా భుజం మీద చెయ్యి వేసి పక్క తోట వాళ్లకు "మా శికారీ" అని పరిచయం చేశాడు. రెండోసారి కొత్త బూట్లు ఇచ్చాడు. మూడోసారి ఖర్జూరం, కాఫీ ముందు పెట్టి వాళ్ల అమ్మకు చూపించాడు. ఆ ముసలమ్మ నా తల నిమిరింది. ఇప్పుడు అబద్ధమని ఎట్లా చెప్పను? తోట తాళాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఒక్కసారి అబద్ధాలకోరునని తేలితే తాళాలూ పోతాయి, ఆ చూపూ పోతుంది.

ఒకటి మాత్రం నిజం చెప్పాను. మాంసం సంగతి నాది కాదు, మా బావది, ఆయన ఇండియా ఫౌజీ అన్నాను. అదే కొంప ముంచింది. 22వ తారీకు మస్కట్‌లో ఆయనకు పని ఉంది. నిన్ను చూడటానికి మీ క్యాంపుకు వస్తాడు. తూటాలు కూడా తెస్తానన్నాడు గానీ దారిలో పోలీసులు ఊరుకోరని ఫోటోలతో సరిపెట్టించాను.

బావా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆయనకు సైనికులంటే ప్రాణం. "జితేందర్ సెలవు మీద ఇంటికి పోవాలి" అని నువ్వు ఒక్క ఆర్డర్ వేస్తే వింటాడు. పిల్ల తల, నా పరువు రెండూ నీ చేతిలో ఉన్నాయి.

జితేందర్


అల్ అమెరాత్,
అక్టోబర్ 19

జితేందర్‌కు,

రానివ్వకు. నాకు జ్వరం. క్యాంపు కూడా మారుతోంది, ఎక్కడికో తెలియదు. ఇరవై రెండున నేను ఉండను. ఉన్నా కలవడానికి అనుమతి లేదు. ఏదో ఒకటి చెప్పి ఆపు.

భీమన్న

తా.క. రావడం తప్పదంటే భోజనం వేళకు మాత్రం రానివ్వకు.


అల్ అమెరాత్,
అక్టోబర్ 23

జితేందర్‌కు,

వచ్చాడు. భోజనం వేళకే వచ్చాడు.

కూర్చుని చదువు. ఇది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట. నేను ఆర్మీలో వంటవాణ్ని. బార్డర్‌లో ఉన్న మాట నిజం, అక్కడ ఉల్లిగడ్డలు కోశాను. మన ఇంట్లో గోడ మీది ఫోటోలో నా చేతిలో ఉన్న తుపాకీ పక్కవాడిది. ఏడాదికోసారి రేంజ్‌కు తీసుకుపోయి అందరిచేత కాల్పించేవారు. నా తూటాలు ఎక్కడికి పోయాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఇక్కడ క్యాంపులో కూడా నాది మెస్ డ్యూటీయే. జూన్‌లో వంటాయన ఎక్కడికీ పోలేదు. ఆ వంటాయన నేనే. మూడు వందల మంది రోజూ తింటారు, ఒక్కడూ వంక పెట్టడు. నువ్వొచ్చి ఒక్క ముద్ద తిని ఉప్పెక్కువ అన్నావు. సైనికుణ్ని అయ్యుంటే ఆ మాట నాకు తగిలేది కాదు రా.

నిన్న నేను చేత గరిటెతో, నడుముకు తువ్వాలతో పప్పు డేగిసా ముందు నిలబడి ఉన్నాను. తెల్లని పొడుగు దిష్దాషా అంగీలో ఒక మనిషి గుమ్మంలోకి వచ్చి, "ఫౌజీ కిధర్?" అన్నాడు. గరిటె దాచడానికి చోటు లేదు. నేనే అన్నాను. పైకీ కిందికీ చూశాడు. ఇక దాచి లాభం లేదనిపించింది. ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టాను. తినడం అయ్యాక అంతా చెప్పాను. నాకు తూటాలు తెలియవు, మాంసం తెలుసు. మీ జితేందర్‌కు వేట తెలియదు, వడిసెల తెలుసు. ఇద్దరం కలిసి మీకు చెప్పాం. తప్పయితే క్షమించండి అన్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. చిన్నప్పుడు కొండల్లో వాళ్ల అమ్మ కూడా మేకలను రాయి విసిరే మళ్లించేదట. "రాయి తెలిసినవాడికి తూటా తెలిసినట్టే. కాగితం మీద నేనే కొట్టి చూశాను కదా, మీ మాట నిజమే" అన్నాడు.

అప్పుడు పుట్టువెంట్రుకల సంగతి చెప్పాను. అనూహ్య ఫోటో చూపించాను, కళ్ల మీద వెంట్రుకలు పడిన ఫోటో. వాళ్లలోనూ పసిబిడ్డకు తల వెంట్రుకలు తీయించడం ఉందట. "మామ లేకుండా ఎట్లా? ఖాల్ అంటే చిన్న మాటా?" అని నా మీదే కోప్పడ్డాడు. మేనమామను వాళ్లు ఖాల్ అంటారు. ముందే ఎందుకు చెప్పలేదని నీ మీద కూడా కోపంగా ఉన్నాడు. సెలవు కాగితం సొరుగులోంచి తీస్తానన్నాడు. తాళాలు నీ దగ్గరే ఉంచుకొమ్మన్నాడు.

పోతూ పోతూ పప్పులో ఉప్పు సరిగ్గా ఉందన్నాడు. నేను అడగలేదు.

ఇక నుంచి సంతకం ఇట్లా పెడతాను.

భీమన్న,
వంటవాడు

తా.క. ఒట్టు మాత్రం ఇంకా ఉంది. వేములవాడలో కూడా నీతో మాట్లాడను.


సలాలా,
డిసెంబర్ 18

బావకు శనార్తులు.

నేను క్షేమంగా చేరాను. ముందు అర్బాబ్ సంగతి. హంగరీలో నాలుగు రోజులు మంచె మీద కూర్చున్నాడట. మూడు వందల అడుగుల్లో రెండు దుప్పులు కనబడితే వదిలేశాడు. నాలుగో రోజు అడవి అంచున నూట నలభైలో పెద్ద మగ దుప్పి. నడిమి తూటా, ఒక్కటే దెబ్బ. పది అడుగులు కూడా కదలలేదు. బుజం మాంసం ఏమాత్రం చెడలేదని నీకు ప్రత్యేకంగా రాయమన్నాడు. పెరుగు, అల్లం పట్టించి వండించాడట. నీకు ఎవరు నేర్పారని అక్కడి వాళ్లు అడిగితే, "ఒక వంటవాడు, ఒక చేను కాపలావాడు" అని చెప్పాడట. వాళ్లు నమ్మలేదు. ఇప్పుడు ఆయనకు వడిసెల కావాలట. ఒంటెలు అరటితోటలోకి వస్తున్నాయి, రాయి పక్కన పడి బెదరాలి గానీ తగలకూడదు. నేర్పుతున్నాను.

ఇక మన సంగతి. వేములవాడలో నువ్వు అన్న మాట నిలబెట్టుకున్నావు. "వాణ్ని జర పక్కకు జరుగుమను" అని అక్కతో చెప్పించావు. పిల్ల నా ఒడిలో కూర్చుని, కత్తెర చూడగానే నా అంగీ రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. మొదటి పాయ నా చేతిలో పడ్డప్పుడు నువ్వు స్తంభం వెనక్కు పోయి ముఖం తుడుచుకున్నావు. నేను చూశాను.

మర్నాడు ఇంటి దగ్గర దావత్‌కు మటన్ నువ్వే వండావు, ఈసారి అందరి ముందూ. పొయ్యి దగ్గర నీ మోకాలి మీద ఆ గుండు పిల్ల కూర్చుని ఉంది. గరిటె ఒక చేత్తో తిప్పుతూ ఇంకో చేత్తో దాని గుండు నిమురుతూనే ఉన్నావు.

ఒక నిజం చెప్పాలి. ఆ రోజు కూరలో ఉప్పు లేదు బావా. తక్కువ కాదు, అసలు వెయ్యనే లేదు. మొదటి ముద్దకే నాకు తెలిసింది. నీ ముఖం చూసి ఏమీ అనలేదు. మూడుసార్లు వడ్డించుకుని తిన్నాను.

జితేందర్


అల్ అమెరాత్,
డిసెంబర్ 22

జితేందర్‌కు,

తెలుసు. ఆఖరున గిన్నె తుడుచుకుని తింటే తెలిసింది. ఊరంతా తిని పోయింది, ఒక్కరూ చెప్పలేదు. నువ్వు మూడోసారి ప్లేటు చాచినప్పుడు, బాగుంది కాబోలు అనుకున్నాను. నువ్వు ఎందుకు తిన్నావో రాత్రి గిన్నెలు కడుగుతుంటే అర్థమైంది. కడగడం ఆపి కాసేపు అక్కడే కూర్చున్నాను.

లారీ మీద ఉత్తరాలు ఇక చాలు. సుఫియాన్ గేటు దగ్గర హారన్ కొట్టీ కొట్టీ మా సెక్యూరిటీ వాడికి పిచ్చెక్కుతోంది. నిన్ను బ్లాక్‌లోంచి తీసేశాను. ఒట్టు సంగతి మీ అక్కను అడిగాను. "ఉప్పు మీద వెట్టుకున్న ఒట్టు ఉప్పు లేని కూరతోనే పోయింది" అంది.

శుక్రవారం డ్యూటీ అయిపోగానే ఫోన్ చెయ్యి. మాట్లాడతాను.

నీ బావ